భర్త సంతకం ఎక్కడ?

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఆశా కార్యకర్తల ముందు మాట్లాడాలంటే నాకు కాస్త జంకే. ఆసుపత్రిలో కూర్చుని నేను చూసినదానికంటే గడపగడపకూ తిరిగి మీరు చూసింది ఎక్కువ.

చాలా ఏళ్ల క్రితం పలమనేరు వైపు నుంచి ఒకామె వచ్చింది. ఇద్దరు పిల్లలు. భర్త బెంగళూరులో తాపీ పని. మళ్లీ నెల తప్పింది. గర్భస్రావం చేయించుకుందామని రెండో నెలలోనే ఒక ఆసుపత్రికి వెళితే, ‘భర్త సంతకం ఎక్కడ?’ అన్నారట. రెండుసార్లు తిప్పి పంపారు. నెలలు పెరుగుతున్నాయన్న భయంతో ఎవరో ఇచ్చిన మందు మింగింది. నా దగ్గరికి చేరేసరికి ఒళ్లు కాలిపోతోంది, చీర కుచ్చిళ్లు రక్తంతో అట్టకట్టాయి. చేతిలో పాలిథిన్ కవరు, అందులో భర్త ఆధార్ జిరాక్సు. బతికింది, కానీ గర్భసంచి తీసేయక తప్పలేదు. ఆమె మంచాన పడ్డ ఆ నాలుగు నెలలూ పెద్దమ్మాయి బడి మానేసి వంట చేసింది.

ఆ సంతకం చట్టం అడగనిది. గర్భస్రావంపై 1971లో వచ్చిన చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. మైనర్లకు, మానసిక వ్యాధి ఉన్నవారికి మాత్రమే సంరక్షకుల సమ్మతి కావాలి. 2021 సవరణ తర్వాత, ఆమె పేరు బయటపెట్టిన వైద్యుడికి జైలుశిక్ష కూడా పడవచ్చు. పెళ్లి కాలేదన్న కారణంతో తేడా చూపరాదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని ఉన్నా కౌంటర్ దగ్గర కూర్చున్నవారు తమ సొంత చట్టం నడుపుతారు!

‘అడ్డుపెట్టకపోతే ఆడపిల్లల్ని చంపేస్తారు’ అని కొందరంటారు. భ్రూణహత్యల మీద నాకూ కోపమే. కానీ గర్భస్రావం మాత్రలు వాడేది తొమ్మిది వారాల లోపు. అప్పటికి ఏ స్కానింగూ ఆడో మగో చెప్పలేదు. అక్కడ తలుపు మూస్తే ఆగేది లింగ ఎంపిక కాదు, సురక్షితమైన వైద్యం.

తలుపు మూస్తే ఏమవుతుందో రుమేనియా చూసింది. 1966లో అక్కడ గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించారు. మరుసటి ఏడాది కాన్పులు దాదాపు రెట్టింపయ్యాయి, ఆ తర్వాత మళ్లీ తగ్గుతూ వచ్చాయి. జనం దొంగదారులు వెతుక్కున్నారు మరి. తగ్గనివి తల్లుల మరణాలే. అనాథాశ్రమాలు కిక్కిరిశాయి. 1989 చివర్లో నిషేధం ఎత్తేస్తే, ఒక్క ఏడాదిలోనే ఆ మరణాలు సుమారు సగానికి పడిపోయాయి.

ఈసారి ఎవరి వెంటైనా ఆసుపత్రికి వెళ్లినప్పుడు భర్త సంతకం అడిగితే, ఏ సెక్షన్ కింద అని అడగండి. ఇక ప్రశ్నలు. వెనక వరుసలో ఇందాకటి నుంచి చెయ్యెత్తి దించుతున్న అమ్మా, ముందు మీరు.