డాక్టర్ ఇచ్చిన డేటు నుంచి లెక్కపెట్టు పెద్దమ్మా

హోస్ట్: ఈసారి సిరొంచలో ఉన్నాం. జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర, బజార్లో వినపడేది మాత్రం తెలుగు. ఇక్కడి ఆశా కార్యకర్త అక్క మనతో ఉన్నారు. అక్కా, బరువు తక్కువ బిడ్డ అంటే ఎంతలోపు?

అక్క: రెండున్నర కిలోల లోపు, తమ్ముడూ. కిలోన్నర కూడా లేకపోతే మరీ తక్కువ. అయితే బరువు చూడగానే నేనడిగేది ఒకటే, నెలలు నిండాయా అని.

హోస్ట్: ఎందుకలా?

అక్క: ఒకింటి సంగతి చెప్తా. పాప రెండు నెలలు ముందే పుట్టింది, 1,700 గ్రాములు. పాపకి ఎనిమిది నెలలు నిండాక నేను వెళ్తే నానమ్మ గడపలోనే పట్టుకుంది. "పక్కింటోడు చక్కగా కూర్చుంటున్నాడు, ఇది పక్కకి ఒరిగిపోతోంది" అని. కోడలు తలెత్తకుండా పాప కాళ్లకు నూనె రాస్తోంది. గోడ మీది క్యాలెండర్ దించి, కాన్పుకి డాక్టర్ ఇచ్చిన డేటు మీద వేలు పెట్టా. ఇక్కణ్నుంచి లెక్కపెట్టు పెద్దమ్మా అన్నా. ఆరే నెలలు వచ్చాయి. ఆరు నెలల పిల్ల చేతులు నేలకానించి కాసేపు కూర్చుంటే చాలు కదా! రెండేళ్ల దాకా ఇదే లెక్క. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే.

హోస్ట్: నెలలు నిండి చిన్నగా పుడితే?

అక్క: ఈ లెక్క వర్తించదు. కడుపులోనే ఎదుగుదల తగ్గిందన్నమాట. తొందరగా ఒళ్లు చేయాలని డబ్బాపాలు పట్టేస్తారు, అదే నాకు కోపం. అలాంటి పిల్లలు తర్వాత మరీ లావైతే పెద్దయ్యాక షుగర్, బీపీ ముప్పు ఎక్కువ.

హోస్ట్: మొదట్లో మీరు ఎన్నిసార్లు వెళ్తారు?

అక్క: ఆసుపత్రి కాన్పైతే 3, 7, 14, 21, 28, 42 రోజులకి. ఇంటికెళ్లి బిడ్డను చూసే పద్ధతి మా జిల్లాలోనే పరీక్షించారు తెలుసా? అభయ్ బంగ్, రాణీ బంగ్ గార్ల సెర్చ్ సంస్థ. పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

హోస్ట్: ఇంట్లోవాళ్లు వినని మాట ఏదైనా?

అక్క: కంటి పరీక్ష. రెండు కిలోల లోపు పుట్టిన బిడ్డకు నెలలోపే చేయించాలి. కళ్లు మిలమిలలాడుతున్నాయిగా అంటారు. పాడయ్యేది కంటి లోపలి పొర, రెటీనా, పైకి ఏం కనపడుతుంది? బిడ్డను ఛాతీకి ఆనించి కట్టుకోమంటే మాత్రం ఆ పాప నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. లుంగీతో కట్టుకుని, వీధిలోకి రావడానికే సిగ్గుపడ్డాడు.

హోస్ట్: పాప ఇప్పుడు?

అక్క: వెళ్తే చాలు, నా సంచిలోంచి కాటా లాగేస్తుంది.