స్వరం ఆగే చోటు

నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క ప్రశ్న మీద మాట్లాడతాను. కొత్తగా బేస్ గిటార్ పట్టుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "సార్, పాత రికార్డుల్లో వినిపించే ఆ గుండ్రటి, నిండైన టోన్ రావాలంటే ఏ బేస్ కొనాలి? ఏ యాంప్ వాడాలి?"

నలభై ఏళ్లకు పైగా ఈ నాలుగు తీగలతోనే నా కాలం గడిచింది. ఈ ప్రశ్నకు నేను నమ్మే జవాబు ఒక్క మాటలో చెబుతాను. మనం టోన్ అని మెచ్చుకునేదానిలో చాలా భాగం నిడివి. స్వరం ఎంతసేపు నిలిచింది, ఎక్కడ ఆగింది అన్నదే. మొదలుపెట్టడం అందరూ అభ్యాసం చేస్తారు. ఆపడం ఎవరూ అభ్యాసం చేయరు.

ముందు చేతి సంగతి చూద్దాం. ఈ బేస్ మీద రెండే నాబ్‌లు, వాల్యూమ్, టోన్. రెండూ పూర్తిగా తెరిచి ఉంచాను, ఇక ముట్టుకోను. లావు తీగ మీద మూడో ఫ్రెట్టు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల్లో మూడోది, అక్కడ నొక్కి, నెక్ చివర, అంటే ఆ మెడ ముగిసే చోటు దగ్గర మీటుతున్నాను. వినండి. ఇప్పుడు అదే ఫ్రెట్టు, అదే వేలు, బ్రిడ్జికి, అంటే తీగల కింది చివరలను పట్టి ఉంచే భాగానికి, నాలుగు వేళ్ల దూరంలో మీటుతున్నాను. మళ్లీ వినండి. మొదటిది మెత్తగా, వెడల్పుగా ఉంది. రెండోది బిగుసుకుని, కాస్త ముక్కుతో పలికినట్టు ఉంది. రెండు వేర్వేరు వాద్యాలని చెబితే నమ్మేవాళ్లు ఉంటారు.

ఇందులో మాయ లేదు. తీగ మొత్తం పొడవునా కంపిస్తూనే, సగాలుగా, మూడో వంతులుగా, నాలుగో వంతులుగా కూడా కంపిస్తుంది. వీటిలో ఏవి బలంగా లేస్తాయో మీటే చోటును బట్టి ఉంటుంది. బ్రిడ్జికి దగ్గరయ్యే కొద్దీ చిన్న చిన్న భాగాల కంపనాల పాలు పెరిగి, శబ్దానికి అంచు వస్తుంది. నెక్ వైపు జరిగే కొద్దీ అడుగు స్వరం నిండుగా వినిపిస్తుంది. నాబ్ తిప్పి వెతుక్కునే దానిలో సగం ఈ జానెడు దూరంలోనే ఉంది.

ఇంకో మాట. చాలామంది తీగను అవసరానికి మించి లాగుతారు. శ్రుతి చూపే ట్యూనర్ ఒకటి ముందు పెట్టుకుని లావు తీగను బలంగా లాగి చూడండి. ముల్లు మొదట శ్రుతికి పైకి పోయి, ఆ తరువాత మెల్లగా కిందికి దిగుతుంది. గట్టిగా లాగిన తీగ బిగువు పెరిగి, మొదటి క్షణంలో శ్రుతి తప్పుతుంది. పైగా ఫ్రెట్లకు తగిలి గలగలమంటుంది. బలం కావాలంటే యాంప్ వాల్యూమ్ పెంచి, చేతిని తేలిక చేయండి. నేను ఈ ఒక్క అలవాటు మార్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. మార్చుకున్నాక మణికట్టు నొప్పి కూడా తగ్గింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

నాకు ముప్పై ఏళ్లు నిండకముందు ఒక రికార్డింగుకు వెళ్లాను. మధ్యలయలో సాగే పాట, నిమిషానికి తొంభై దెబ్బల ప్రాంతం. నా వంతు చాలా తేలిక. మొదటి దెబ్బ మీద ఒక నిండు స్వరం, మూడో దెబ్బ మీద ఇంకొకటి. తప్పు లేకుండా వాయించాను. అయినా పాట లేవలేదు. ఎవరికీ కారణం అంతుపట్టలేదు. ఆ రోజు డ్రమ్స్ వాయించిన ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. కర్రలు కింద పెట్టి నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, "బాబూ, నా స్నేర్ మీద నీ స్వరం కూర్చుంటోంది" అన్నారు. స్నేర్ అంటే డ్రమ్స్‌లో కర్రతో కొడితే టప్పున పలికే చిన్న డ్రమ్ము. ఆయన మాట నాకు అర్థం కాలేదు. మళ్లీ ఆయనే, "రెండో దెబ్బకు స్నేర్ పడుతుంది కదా, అది పడే క్షణానికి నువ్వు ఉండకూడదు. ముందు కాదు, తరువాత కాదు, సరిగ్గా అది పడేటప్పుడే నువ్వు వెళ్లిపోవాలి" అన్నారు.

అలాగే వాయించాను. నా ఎడమ చేతి వేలు తీగ మీదే ఉంది, ఒత్తిడి మాత్రం వదిలేశాను. హెడ్‌ఫోన్లలో స్నేర్ ఒక్కసారిగా పెద్దదైంది. ఎవరో దాని మీటను పైకి తోశారనుకుని అద్దం అవతలికి చూశాను. ఇంజినీరు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరూ ఏమీ మార్చలేదు. నేను ఖాళీ చేసిన చోటులోకి స్నేర్ వచ్చి నిలబడింది. అంతే కాదు, నా స్వరం కూడా ముందుకంటే లావుగా వినిపించింది. ఒకదాని పక్కన నిశ్శబ్దం ఉంటే గదా దాని ఆకారం కనిపించేది! ఆ రోజు వాడింది అరువు తెచ్చుకున్న బేస్. తీగలు పాతవి. అందరూ టోన్ బాగుందన్నారు.

ఆ వేలి కదలికను దగ్గరగా చూడండి. కెమెరాను ఎడమ చేతి మీదికి తెస్తున్నాను. స్వరం ఆపడానికి చాలామంది వేలిని తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తేస్తారు. అలా చేస్తే వదిలిన తీగ తన ఖాళీ స్వరాన్ని సన్నగా పలుకుతుంది. వినండి, ఆ సన్నని మూలుగు. ఇప్పుడు వేలు తీగను తాకుతూనే ఉంది, ఫ్రెట్టుకు మాత్రం ఆనడం లేదు. కాగితం మందం ఎత్తు, అంతకు మించి లేదు. పక్క వేళ్లు కూడా తీగ మీద తేలికగా వాలి ఉన్నాయి. కుడి చేతి బొటనవేలు మీటని లావు తీగల మీద పడుకుని ఉంది. మంచి బేసిస్టు పది వేళ్లలో వాయించే వేళ్లకంటే ఆపే వేళ్లే ఎక్కువ.

ఇప్పుడు ఆ పాత రికార్డుల టోన్ సంగతి. జేమ్స్ జేమర్‌సన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1960లలో అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటల్లో వినిపించే బేస్ ఎక్కువగా ఆయనదే. ఆయన వాడింది 1962 నాటి ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్. కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవారు. ఆ వేలిని అందరూ 'హుక్' అనేవారు. తీగలు బాగా లావైన, పైన చదునైన లోహపు రిబ్బను చుట్టిన ఫ్లాట్‌వౌండ్. తెగితే తప్ప మార్చేవారు కాదు. బ్రిడ్జి మూత కింద ఒక స్పాంజి ముక్క ఉండేది. ఇవన్నీ కలిపి చూడండి. పాత తీగ త్వరగా చల్లబడుతుంది. స్పాంజి దాన్ని ఇంకా త్వరగా చల్లారుస్తుంది. అంటే ప్రతి స్వరం ఒక గుండ్రటి దెబ్బగా పుట్టి, పక్కవాళ్లకు దారి ఇచ్చి వెళ్లిపోయేది. నిలువు బేస్ మీద చేయి తిరిగినవాడు ఆయన. వేలితో మీటితే ఆ కొయ్య వాద్యంలో స్వరం పొట్టిగానే ఉంటుంది. ఆ చెవితోనే విద్యుత్ బేస్‌ను వాయించాడు.

అదే రోజుల్లో కేరొల్ కే అనే మహా వాద్యకారిణి వేలితో కాక చిన్న బిళ్లతో, అంటే పిక్‌తో వాయించేది. బ్రిడ్జి దగ్గర తీగల మీద ఒక ఫెల్టు ముక్క పెట్టుకునేది. దారి వేరు, పని అదే. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ బయటికి తెచ్చినప్పుడు దానికి కచ్చితత్వం అనే అర్థమిచ్చే ఆ పేరు పెట్టింది ఫ్రెట్ల వల్ల శ్రుతి కచ్చితంగా పడుతుందని. స్వరం ఎక్కడ ఉండాలో ఫ్రెట్టు చెబుతుంది. ఎప్పుడు పోవాలో ఏ ఫ్రెట్టూ చెప్పదు.

1960లలోనే, గుండ్రటి లోహపు తీగ చుట్టిన రౌండ్‌వౌండ్ తీగలు వచ్చాయి. ది హూ బృందపు జాన్ ఎంట్‌విసిల్ లాంటి వాళ్ల చేతుల్లో బేస్ పియానోలా మోగింది. నాకు ఆ శబ్దం చాలా ఇష్టం. ఇప్పుడు నా రెండో బేస్‌కు ఉన్నవీ అవే తీగలు. అయితే కొత్త రౌండ్‌వౌండ్ తీగ మీటితే ఆపే దాకా మోగుతూనే ఉంటుంది. స్పాంజి, పాత తీగ చేసిపెట్టిన పని ఇప్పుడు పూర్తిగా మీ చేతి మీద పడింది. ఈ బాధ్యత తెలియకుండా ఆ తీగలు వేసుకుని, బురదగా ఉందని, మంద్ర, మధ్య, తార స్థాయిలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ తిప్పుతూ కూర్చుంటారు. అక్కడ పోయేది కాదు అది.

ఈక్వలైజర్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఇంట్లో ఒంటరిగా, తక్కువ వాల్యూమ్‌లో కట్టుకున్న టోన్‌ను వేదిక మీదికి తీసుకెళ్లకండి. తక్కువ శబ్దంలో మన చెవికి మంద్రం మిగతా వాటికంటే బలహీనంగా వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకని ఇంట్లో అడుగు స్వరాల శబ్దం పెంచుకుంటాం. అదే అమరికను పెద్ద శబ్దంలో పెడితే అది పొంగి అందరినీ ముంచుతుంది. ఇంకా ఉంది. లావు తీగ ఖాళీగా మీటితే సెకనుకు సుమారు 41 కంపనాలు. గాలిలో ఆ అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. అంత పెద్ద అల గది గోడలకు తగిలి తిరిగొచ్చి, ఒక చోట రెట్టింపై, ఇంకో చోట దాదాపు మాయమవుతుంది. మీరు నిలబడిన చోట అది మాయమైతే మీరు నాబ్ పెంచుతారు. మూలన కూర్చున్నవాడికి ఛాతీ అదురుతుంది. సౌండ్ చెక్ సమయంలో తీగ మీటుతూ గదంతా నడవండి. పొడుగు కేబుల్ పెట్టుకోండి. నేను ఇప్పటికీ ప్రతి చోటా నడుస్తాను.

మధ్య స్థాయి స్వరాంశాలను తీసేయకండి, అది కూడా చెప్పాలి. ఒంటరిగా వింటే ముక్కుతో పలికినట్టున్న ఆ భాగమే డ్రమ్స్, గిటార్ల మధ్య మీ స్వరాన్ని గుర్తుపట్టేలా చేస్తుంది. ఫోను స్పీకరు 41 కంపనాలను పలకలేదు. దానికి రెండింతలు, మూడింతలైన 82, 123 లాంటి వాటిని విని, అడుగు స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. అవి లేకపోతే పూరించుకోవడానికి ఏమీ మిగలదు. పెడళ్ల గురించి, ఐదో తీగ గురించి నాకు చెప్పాల్సింది పెద్దగా లేదు. పాట అడిగితే వాడండి.

వేగం గురించి మాత్రం కొంత చెప్పాలి. అమెరికన్ బేసిస్టు జాకో పాస్టోరియస్ 1976లో తన పేరుతోనే ఆల్బమ్ తెచ్చినప్పటి నుంచి బేస్ పట్టిన ప్రతివాడికీ ఆ పరుగు కావాలి. కావాలనుకోవడంలో తప్పు లేదు, నేనూ ఏళ్ల తరబడి దాని వెంట పడ్డాను. అయితే ఆయన వాయించిన గబగబ వరసల్లో ఒకదాన్ని సగం వేగానికి తగ్గించి వినండి. రెండు నిండు స్వరాల మధ్య శ్రుతి లేని పొడి దెబ్బలు, మనం డెడ్ నోట్లు అంటామే, అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటీ పొరపాటున పడింది కాదు. ఎంత వేగంలోనూ ప్రతి స్వరానికీ ఒక అంతం ఉంది. మనం పరుగు మాత్రం నేర్చుకుని, ఆ పొడి దెబ్బల చోట కూడా స్వరాలు నింపేస్తున్నాం.

నా వేళ్లు ఇప్పుడు పాతికేళ్లనాటి పరుగు పెట్టవు. చలికాలం ఉదయాల్లో చిటికెన వేలు వంగడానికే పావుగంట పడుతుంది. అయినా ఇప్పుడు నన్ను పిలిచేవాళ్లు అప్పటికంటే తక్కువేమీ లేరు. నాతో మళ్లీ వాయించాలని డ్రమ్మర్లు అడుగుతారు. ఆ మాట నాకు ఏ మెప్పు కంటే ఎక్కువ.

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు పెద్దలు. బేసిస్టు ఆ ఇద్దరి మధ్య కూర్చునే బిడ్డ. ఒక చెవి శ్రుతి మీద, ఒక చెవి డ్రమ్స్ మీద ఉండాలి. వాయించేటప్పుడు మీ చేతిని చూసుకోకండి. డ్రమ్మర్ కుడి పాదాన్ని చూడండి, స్నేర్ మీదికి లేచే కర్రను చూడండి. కర్ర కిందికి దిగడం మొదలైనప్పుడు మీ వేలు వదలడానికి సిద్ధంగా ఉండాలి.

ఇక ఈ వారం అభ్యాసం. సమానంగా దెబ్బలు కొడుతూ లయ చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి అరవై దగ్గర పెట్టండి. నాలుగు దెబ్బలకు ఒకే ఒక్క స్వరం. ఒకటి మీద మీటి, సరిగ్గా మూడు పడే క్షణానికి ఆపాలి. ఐదు నిమిషాలు అదే. తరువాత నాలుగు మీద ఆపండి. ఆ తరువాత రెండు మీద. చివరికి రెండుకూ మూడుకూ సరిగ్గా నడుమ, అక్కడ ఏ దెబ్బా ఉండదు, మీరే లెక్కపెట్టుకోవాలి. ఫోనులో రికార్డు చేసి, స్వరం మొదలును వదిలేసి చివరలు మాత్రమే వినండి. మొదటి రోజు విసుగు వస్తుంది. మూడో రోజుకు మీ చివరలన్నీ ఒక్కొక్కటి ఒక్కో చోట పడుతున్నాయని తెలుస్తుంది. అప్పటి నుంచి పని మొదలు.

నాతో పాటు చేయండి. మెట్రోనోమ్ ఆన్ చేస్తున్నాను. మూడో ఫ్రెట్టు, లావు తీగ. ఒకటి మీద మీటుతున్నాను, మూడు మీద వదులుతున్నాను. ఒకటి... రెండు... వదలండి. మళ్లీ. ఒకటి... రెండు... వదలండి. ఈసారి నేను లెక్కపెట్టను, దెబ్బ మాత్రమే వినిపిస్తుంది.