వృద్ధ సన్యాసి మరచిపోని అమ్మ

మిత్రులారా, బాలయేసును ఎత్తుకున్న మరియమాతను చూపే నిత్య సహాయమాత చిత్రాన్ని ఎరుగని కతోలికులు అరుదు. అయితే ఆ చిత్రం సుమారు డెబ్బై ఏళ్ళు రోమ్ నగరంలోనే ఉండి కూడా జనం కంటపడలేదు. ఈ రోజు నా మాటలు ముఖ్యంగా ఆ కాలం గురించే.

అంతకుముందు కథ క్లుప్తంగా చెబుతాను. క్రీటు ద్వీపం నుంచి ఒక వర్తకుడు ఈ చిత్రాన్ని దొంగిలించి తెచ్చాడనీ, చనిపోతూ దీన్ని ఏదైనా గుడిలో పెట్టమని రోములోని స్నేహితుణ్ణి వేడుకున్నాడనీ, స్నేహితుడి భార్యకు మాత్రం దాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదనీ పాత కథనం. దొంగతనాన్ని కప్పిపుచ్చకుండా చెప్పుకున్న ఆ భక్తులంటే నాకు గౌరవం. 1499 మార్చి 27న చిత్రం రోములోని పునీత మత్తయి దేవాలయానికి చేరింది.

ఒకసారి చిత్రాన్ని దగ్గరగా చూడండి. గబ్రియేలు దూత చేతిలో సిలువ, మేకులు. మిఖాయేలు దూత చేతిలో ఈటె, స్పంజి. బాలయేసు తల తిప్పి సిలువ వైపు చూస్తూ, రెండు చేతులతో అమ్మ చేయి పట్టుకున్నాడు. ఒక చెప్పు పాదం నుంచి జారి వేలాడుతోంది. ఆమె చూపు మాత్రం బిడ్డ మీద లేదు, మన మీదే ఉంది.

1798లో ఫ్రెంచి సేనలు రోమును ఆక్రమించాయి. మత్తయి దేవాలయం నేలమట్టమైంది. ఆ గుడిని చూసుకునే అగస్టీనియన్ సభ సన్యాసులు చిత్రాన్ని కాపాడారు. చివరికి అది రోములోనే ఉన్న పోస్తెరూలా మరియమాత గుడికి చేరింది. అక్కడి పీఠం మీద అప్పటికే మరో మరియమాత కొలువై ఉంది. దాంతో దీన్ని లోపలి చిన్న ప్రార్థనాలయంలో పెట్టారు. దీపం లేదు, అలంకారం లేదు, పైగా దుమ్ము.

అగస్టీనో ఒర్సెత్తి అనే వృద్ధ సన్యాసికి మాత్రం అన్నీ గుర్తున్నాయి. చూపు మందగించిన ఆయన, పూజకు సాయపడే మికేలే మార్కి అనే కుర్రవాడికి ఆ చిత్రం మత్తయి గుడిలోదేనని పదేపదే చెప్పేవాడు. 1853లో ఆయన కన్నుమూశాడు. కుర్రవాడు పెద్దవాడై రిడెంప్టరిస్టులనే గురువుల సభలో చేరాడు. ఆ సభ 1855లో కొన్న స్థలంలోనే మత్తయి దేవాలయం ఒకప్పుడు ఉండేది! 1863లో జెస్విట్ సభకు చెందిన ఒక గురువు కనుమరుగైన చిత్రం గురించి ప్రసంగించాడు. అది మఠంలో చర్చకు వచ్చాక మార్కి తనకు తెలిసింది బయటపెట్టాడు.

1865 డిసెంబరు 11న తొమ్మిదవ పయస్ పోపుగారు చిత్రాన్ని రిడెంప్టరిస్టులకు అప్పగించమని ఆదేశించారు. 1866 ఏప్రిల్ 26న ఊరేగింపుగా తెచ్చి, ఆ కొన్న స్థలంలో రిడెంప్టరిస్టులు కట్టుకున్న పునీత అల్ఫోన్సస్ దేవాలయంలో ప్రతిష్ఠించారు. చిత్రాన్ని వదులుకున్న అగస్టీనియన్ల సంగతేమిటంటారా? వారికి బదులుగా తగిన మరో చిత్రం సమకూర్చే బాధ్యతను కూడా పోపుగారు ఆ ఆదేశంలోనే రిడెంప్టరిస్టుల మీద పెట్టారు.