బ్లీడ్ అంటే మార్జిన్ కాదండీ!

నమస్కారం. ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఉగాది దగ్గర పడుతోందంటే మా ఊళ్లో, పర్లాకిమిడిలో, రాయగడలో తెలుగు సంఘాల సావనీర్ల, అంటే ప్రత్యేక సంచికల, హడావుడి మొదలవుతుంది. అచ్చుకి కవర్ ఫైలు తెచ్చినవాళ్లని "బ్లీడ్ ఉందా?" అని అడుగుతాను. "చుట్టూ మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదిలామండీ" అంటారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఖాళీ వదిలితే అది మార్జిన్. బ్లీడ్ అంటే కాగితం కత్తిరించే గీత దాటి బయటికి సాగిన బొమ్మ. అందులో ఖాళీ ఉండకూడదు, బొమ్మ ఉండాలి.

జాకెట్టు కుట్టడం చూశారు కదా. టైలరు గుడ్డని సరిగ్గా కొలతకే కత్తిరించడు. కుట్టులోకి పోవడానికి చుట్టూ కాస్త ఎక్కువ ఉంచుతాడు. అది బయటికి కనపడదు, కానీ అది లేకపోతే జాకెట్టు నిలవదు. ఆ ఎక్కువ గుడ్డే బ్లీడ్.

[స్క్రీన్ మీద: ఏ4 కాగితం, చుట్టూ ఎర్ర గీత]

ఏ4 అంటే 210 × 297 మిల్లీమీటర్లు. కవర్ బొమ్మని నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి సాగదీస్తే 216 × 303 అవుతుంది. కటింగ్‌లో కాగితాల కట్ట కొద్దిగా జరిగినా తెగేది ఆ ఎక్కువ భాగమే. బ్లీడ్ లేకపోతే అంచున తెల్ల గీత పడుతుంది. ముదురు రంగు కవర్ మీద ఆ గీత ఎంత దూరం నుంచైనా కనపడుతుంది. ఒక ప్రత్యేక సంచిక కాపీలన్నీ అలా వచ్చినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మార్జిన్ సంగతి వేరు. మన బరంపురం పట్టుచీర అంచున గుడి గోపురాల్లాంటి కుంభాలుంటాయి. ఆ అంచుని జాకెట్టు చేతికి వేసేటప్పుడు కుంభాల మొనలు కుట్టులో పడితే ఎలా ఉంటుంది? మన అక్షరాలూ అంతే. టైటిల్‌ని మరీ పైకి తోస్తే తలకట్టు తెగుతుంది, కింది వాక్యాన్ని అంచుకి ఆనిస్తే ఒత్తు తెగుతుంది. అందుకే అక్షరాలు లోపలికి, బొమ్మ బయటికి.

గట్టర్ అంటే రెండు పేజీలు కలిసే చోటు, అంటే రెండు ముక్కలు కలిపిన కుట్టు. గమ్ బైండింగ్ పుస్తకంలో, అంటే వెన్ను దగ్గర జిగురుతో అంటించిన దాంట్లో, మనిషి ముఖాన్ని అక్కడ పెట్టారంటే ముక్కు లోపలికి పోతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. మాస్ట్‌హెడ్ అంటే బ్రిటన్‌లో కవర్ మీది పత్రిక పేరు, అమెరికాలో లోపలి పేజీలో సంపాదక వర్గం వివరాలు. సెంటర్ పిన్ పుస్తకమైతే, అంటే కాగితాలు మడిచి మధ్యలో పిన్ కొట్టినదైతే, పేజీలు నాలుగుతో భాగించేలా ఉండాలి. లైన్ స్పేసింగ్ ఇంగ్లిష్‌కి పెట్టినంతే తెలుగుకి పెట్టకండి, "స్త్రీ" అన్న ఒక్క అక్షరం రాసి చూడండి, కింద ఎంత చోటు కావాలో తెలుస్తుంది.

ఇంకొక్కటి. పీడీఎఫ్ తీసేటప్పుడు బ్లీడ్ దగ్గర టిక్ పెట్టారో లేదో చూసుకోండి. పెట్టకపోతే మీరు సాగదీసిన ఆ 3 మిల్లీమీటర్లు ప్రెస్సుకి చేరవు.