సైటేషన్ ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు?

అందరికీ నమస్కారం. ఓపీ ముగించుకుని, భోజనం సగంలో వదిలేసి వచ్చినవాళ్లు కూడా మీలో ఉన్నారని తెలుసు. అందుకే సూటిగా విషయంలోకి వస్తాను. ఒకరి పరిశోధన పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్లో ప్రస్తావిస్తే అది సైటేషన్. వాటి లెక్కల గురించే ఈ మాటలు.

పీజీలో చేరిన రోజు నుంచి మీకు ఒకటే టెన్షన్. థీసిస్ అయిపోవాలి, పేపర్ రావాలి, రేపు ప్రమోషన్‌కి పేపర్ల లెక్క చూపించాలి. ఆపైన ‘మీ హెచ్-ఇండెక్స్ ఎంత?’ అని అడిగేవాళ్లు ఉండనే ఉంటారు.

ఎన్ని పేపర్లు రాశాం, వాటికెన్ని సైటేషన్లు వచ్చాయి అన్నవి రెండూ కలిపి ఒకే అంకెగా చెప్పే ఈ హెచ్-ఇండెక్స్‌ని 2005లో ప్రతిపాదించింది డాక్టర్ కాదు, హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త. మీకు ఐదు పేపర్లున్నాయనుకోండి. వాటికి వరసగా 40, 12, 5, 4, 1 సైటేషన్లు వచ్చాయి. కనీసం నాలుగేసి వచ్చిన పేపర్లు నాలుగున్నాయి కాబట్టి మీ హెచ్-ఇండెక్స్ 4. ఆ 40 రేపు 4000 అయినా ఇది 4 దగ్గరే ఉంటుంది. పరిశోధన మానేసి ఇరవై ఏళ్లయినా తగ్గదు. మా సీనియర్లకు ఇది అంతగా నచ్చడానికి అదీ ఒక కారణమేమో! ఇంకో సంగతి. సైటేషన్లు లెక్కపెట్టే చోట్లు ఒకటి కాదు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లలో వచ్చిన ప్రస్తావనల్ని కూడా కలుపుకుంటుంది, స్కోపస్ తను ఎంచుకున్న జర్నళ్లు, పుస్తకాలనే చూస్తుంది. అందుకే ఒకే మనిషికి రెండు చోట్ల రెండు అంకెలు కనిపిస్తాయి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అసలు మనిషిదే కాదు, జర్నల్‌ది. గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్న లెక్క అది. దాన్ని బయోడేటాలో సొంత గొప్పగా రాసుకోవడం, కొండ కింద ఇల్లుంది కాబట్టి రోజూ దర్శనమైనట్టే అనుకోవడం లాంటిది.

సరే, సైటేషన్ అంటే మెచ్చుకోలేనా? ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ పేపర్ 1998లో లాన్సెట్‌లో వచ్చింది, 2010లో ఆ జర్నలే దాన్ని వెనక్కి తీసుకుంది. దానికి వచ్చిన సైటేషన్లు వెయ్యి దాటాయి. వాటిలో ఎక్కువ భాగం తప్పుబట్టడానికి ఇచ్చినవే. లెక్కపెట్టే కంప్యూటర్‌కి మాత్రం తిట్టూ ఒకటే, పొగడ్తా ఒకటే.

దీనికి ఎదురు కథ కోల్‌కతాది. కలరా క్రిమి విడుదల చేసే విషమే రోగానికి కారణమని శంభునాథ్ డే 1959లో నేచర్ అనే సైన్స్ జర్నల్‌లో చూపించారు. చాలాకాలం ఆ పనిని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. చివరికి సైటేషన్ల లెక్కకు ఆద్యుడైన యూజీన్ గార్ఫీల్డే 1986లో ఆయన గొప్పతనం గురించి ప్రత్యేకంగా రాశారు. అప్పటికే డే చనిపోయి ఏడాది అయింది.

ఇప్పుడు మన వార్డుకి వద్దాం. చిత్తూరు పల్లెల నుంచి తేలు కుట్టి వచ్చే పిల్లల్ని మీరు క్యాజువాలిటీలో చూస్తూనే ఉంటారు. చల్లటి చేతులు, చెమటలు, ఊపిరితిత్తుల్లోకి నీరు. వెంటనే ప్రాజోసిన్ ఇస్తాం. ఈ రక్తపోటు మందును తేలుకాటుకు వాడి చూపించింది మహారాష్ట్రలోని మహాడ్‌లో ప్రాక్టీసు చేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్. 1980ల్లోనే ఆయన పరిశీలనలు లాన్సెట్‌లో వచ్చాయి. తేలుకాటు మీద రాసేవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే, కాబట్టి సైట్ చేసేవాళ్లూ కొద్దిమందే. క్యాన్సర్ మీద రాసే ఒక మామూలు పేపర్‌కి అంతకంటే ఎక్కువ రావచ్చు. ఈ రెండింటినీ ఒకే అంకెతో తూచే కమిటీని నేను ఒప్పుకోను. తేలుకాటు, పాముకాటు, ఫ్లోరోసిస్ మన దగ్గరున్న కేసులు. వాటి మీద థీసిస్ తీసుకుంటానంటే ‘సైటేషన్లు రావు’ అని వెనక్కి లాగే గైడ్ మాట వినకండి.

చివరగా, చిన్నదే కానీ చాలామందిని ముంచే విషయం, పేరు. ఈ ఊళ్లో వెంకటేశులకు, శ్రీనివాసులకు కొదవా? ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. ఫారంలో లాస్ట్ నేమ్ అడిగితే ఒకసారి ఇంటిపేరు, ఇంకోసారి రెడ్డి అని రాస్తాం. వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో ఒకే మనిషి ముగ్గురవుతాడు, ముగ్గురు రెడ్డిగార్లు ఒకరవుతారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న అమ్మాయిల పాత పేపర్లు ఇంకెవరివో అయిపోతాయి. 2012 నుంచి పరిశోధకులకు ఆర్కిడ్ (ORCID) అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా ఇస్తున్నారు. మొదటి పేపర్ పంపే ముందే తీసుకుని, పేరు ఎలా రాయాలో ఒకటి నిర్ణయించుకుని, ఎప్పుడూ అలాగే రాయండి. ఇంకా తీసుకోనివాళ్లు చేతులెత్తండి... అబ్బో, ఇంతమందా! ఫోన్లు బయటికి తీయండి, ఇక్కడే చేసేద్దాం. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.