శాలువాలు తర్వాత, ముందు పుస్తకం

(విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల వార్షిక కలయికలో చేసిన ప్రసంగం పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, భోజనాల పిలుపు కోసం ఎదురుచూస్తున్న మిత్రులకు నమస్కారం. పేర్లు చదవను. చదివితే ఎవరో ఒకరి పేరు జారిపోతుంది, ఆ అలక వచ్చే ఏడాది సభ దాకా సాగుతుంది. శాలువా వద్దని ముందే చెప్పాను. అయినా బల్ల మీద మడతపెట్టి ఉంచారు, ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. దాన్ని అక్కడే ఉండనివ్వండి.

నాకు ఇచ్చిన అంశం పూర్వ విద్యార్థుల పుస్తక గోష్ఠులు, కలయికలు ఎలా నిర్వహించాలన్నది. ఇరవై నిమిషాలు ఇచ్చారు. కాగితం మీద వరసగా రాసుకుని వచ్చాను. వరసలో చెబుతానని మాత్రం మాట ఇవ్వను.

మనం వాల్తేరు మెట్ట మీద చదువుకున్నవాళ్లం. మన సభల్లో ఏమేమి మాట్లాడతామో నాకు కంఠతా వచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలైంది, 1930లో వాల్తేరు చేరింది. మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆంగ్ల ప్రభుత్వ దమననీతికి నిరసనగా పదవి వదులుకున్నారు. ఆ తర్వాత 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు, మళ్లీ కట్టమంచివారు. 1942లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరులో తలదాచుకుంది. జయపురం మహారాజు విక్రమదేవవర్మగారి దానం సంగతి కూడా ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. చప్పట్లు కొడతాం. అన్నీ నిజాలే, కొట్టాల్సిందే.

కాని కట్టమంచివారి పేరు వినగానే చప్పట్లు కొట్టే మనలో ఆయన రాసినవి నాలుగు పద్యాలు చదివినవాళ్లు ఎంతమంది? చేతులెత్తమని అడగను, పండగపూట ఎందుకు. రాజీనామా కథ అందరికీ తెలుసు, రచన ఎవరికీ తెలియదు. నా ఫిర్యాదు అదే.

అందుకే మన గోష్ఠి మొదలుపెట్టినప్పుడు మొదటి పుస్తకంగా ఆయన ‘ముసలమ్మ మరణము’ పెట్టాం. పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఉపకులపతి హోదాలో రాసింది కాదు. 1899లో, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదువుకునే రోజుల్లో, ఇరవై ఏళ్లు నిండకముందు, విద్యార్థుల సాహిత్య సమాజం పెట్టిన పోటీ కోసం రాశారు. ఒక కళాశాలలో కొందరు కూడి పోటీ పెడితే తెలుగు కవిత్వంలో కొత్త దారికి మొదళ్లలో నిలిచే కావ్యం వచ్చింది. పైగా చిన్నది, ఒక పూటలో అయిపోతుంది. గోష్ఠి పెట్టాలనుకునేవారు ఈ మాట రాసుకోండి: మొదటి పుస్తకం పలచగా ఉండాలి. ఉత్సాహం కొద్దీ ఎనిమిది వందల పేజీల నవల ప్రకటించారా, రెండో నెల కుర్చీలు తప్ప ఎవరూ రారు.

ఆ రోజు ఏమైందో చెప్పాలి. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంది. ఊరు నిలవాలంటే ఒక ఇంటి చిన్న కోడలు బలి కావాలని దేవత పలుకుతుంది, ఆ అమ్మాయి వెళుతుంది. మా తెలుగు శాఖవాళ్లు ఛందస్సు గురించి, త్యాగం గురించి, కరుణరసం గురించి చాలాసేపు మాట్లాడారు. మా సహాధ్యాయి ఒకరి భార్య వెనక కూర్చుని వింటున్నారు. ఆవిడ చదువు పదో తరగతితో ఆగింది. భర్త కారు నడపలేరు కాబట్టి తోడుగా వచ్చారు. ఆవిడ అడిగారు: “ఊళ్లో అంతమంది మగవాళ్లు ఉండగా దేవతకు కోడలే ఎందుకు కావలసి వచ్చిందండీ? కూతుర్ని ఎందుకు అడగలేదు?” అంతే. కరుణరసం ఆగిపోయింది. తర్వాతి గంటన్నర ఆ ప్రశ్న మీదే నడిచింది. ఇద్దరు ఆచార్యులు కాఫీ చల్లార్చుకున్నారు.

కాబట్టి కలయికల్లో భార్యల్ని, భర్తల్ని వేరే గదిలో కూర్చోబెట్టి తంబోలా ఆడించకండి. పట్టా మనదే కావచ్చు, పుస్తకానికి పట్టాతో పని లేదు.

ఇప్పుడు ఎలా నిర్వహించాలో వరసగా... కాదు, ముందు ఒక సభ సంగతి చెప్పనివ్వండి. నా పక్కన కూర్చున్నవాళ్లు ఇప్పటికే నవ్వుతున్నారు, ఇది చాలాసార్లు విన్నారు. అయినా చెబుతాను.

ఏ ఊళ్లో జరిగిందో, ఎవరు పెట్టారో చెప్పను. పూర్వ విద్యార్థుల కలయిక, అందులో భాగంగా ఒక నవల మీద చర్చ అని ఆహ్వానపత్రం వచ్చింది. పదింటికన్నారు. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. ఈలోగా వేదిక మీదికి కుర్చీలు ఎక్కుతూనే ఉన్నాయి. ఒకాయనను పిలిస్తే పక్కాయన నొచ్చుకుంటాడు, ఆయననూ పిలవాలి. జ్యోతి ప్రజ్వలన అయింది. ఫ్యాను గాలికి ఆరిపోతే మళ్లీ అయింది. అతిథుల పరిచయాలు, శాలువాలు, జ్ఞాపికలు, ఒక్కొక్క జ్ఞాపికకు ఒక్కొక్క ఫొటో. తర్వాత ప్రసంగాలు. ప్రతి ఒక్కరూ ఒకే వాక్యంతో మొదలుపెట్టారు: “పుస్తకం ఇంకా పూర్తిగా చదవలేదు గానీ...”

మా తరగతివాడు ఒకతను పార్వతీపురం నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. నవలకు పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేశాడు, పిల్లలు నోటుపుస్తకాలకు వేస్తారే, అలా. లోపల అక్కడక్కడా బస్సు టికెట్లు పెట్టాడు, గుర్తుకు. మార్జిన్లలో పెన్సిలుతో సన్నని అక్షరాలు. సభలో చదివి వచ్చినవాడు బహుశా అతనొక్కడే. మూడో వరసలో ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఒంటిగంటన్నరకు అధ్యక్షులు గడియారం చూసుకుని, “ఇక పుస్తకం మీద ఎవరైనా రెండు మాటలు...” అన్నారు. అప్పటికే వెనక వంటవాళ్లు మూతలు తీశారు, పులిహోర వాసన హాలంతా కమ్ముకుంది. మావాడు లేచేలోపే సగం హాలు లేచింది. వందన సమర్పణ కూడా వరసలో నిలబడే విన్నాం.

తిని బయటికి వచ్చి చెప్పుల దగ్గర పట్టుకున్నాను అతన్ని. ఏం చెప్పాలనుకున్నావు అని అడిగితే ఒక టికెట్ దగ్గర తెరిచాడు. నవలలో ఒక తల్లి కొడుక్కి అబద్ధం చెప్పే చోటు. అదే అబద్ధాన్ని చివర్లో కొడుకు తన కూతురికి చెబుతాడని, రచయిత ఎక్కడా ఎత్తిచూపలేదని, రెండోసారి చదివితేగాని తనకు అందలేదని చెప్పాడు. ఆ రోజు ఆ నవల మీద జరిగిన చర్చ అదొక్కటే, చెప్పుల గుట్ట పక్కన. ఇంత దూరం వచ్చి మాట్లాడకుండా వెళుతున్నావే అంటే, “ఫరవాలేదులే, భోజనం బాగుంది” అన్నాడు.

నాకు ఫరవా ఉంది, మిత్రులారా! చదివినవాడు మూడో వరసలో, చదవనివాళ్లు వేదిక మీద! మీరే చెప్పండి, దీన్ని పుస్తక చర్చ అంటారా?

మన గోష్ఠికి వేదిక లేకపోవడానికి కారణం ఆ సభ. కుర్చీలు గుండ్రంగా వేస్తాం. పుస్తకం చదివి వచ్చినవారే ముందు మాట్లాడతారు. చదవనివారు రావచ్చు, సంతోషంగా రావచ్చు, కాని వారికి ప్రశ్నలు వేసే హక్కే ఉంటుంది, ఉపన్యాసం ఇచ్చే హక్కు ఉండదు. మాజీ కలెక్టరుకూ ఇదే నియమం. ఒకాయన ఆ మాటకు రావడం మానేశారు, మూడు నెలలకు చదివి వచ్చారు. ఇంకొకటి, రచయితను మొదటి గంట పిలవకండి. ఎదురుగా ఉంటే మొహమాటానికి అందరూ పొగుడుతారు. రెండో గంటకు పిలవండి, టిఫిను వేళకు వస్తారు, ఆయనకూ హాయి.

పుస్తకాలు దొరకడమే పెద్ద ఇబ్బంది. తెలుగు పుస్తకం ఒకసారి అయిపోతే మళ్లీ అచ్చు ఎప్పుడో ఎవరికీ తెలియదు. ప్రకటించేముందే దుకాణంలో ఎన్ని ప్రతులు ఉన్నాయో ఫోను చేసి కనుక్కోండి. మనకు డాక్టర్ వి. ఎస్. కృష్ణా గ్రంథాలయం ఉంది. కవి అబ్బూరి రామకృష్ణారావుగారు మన విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా పనిచేశారు. కవి చేతుల మీదుగా పెరిగిన పుస్తకాల బీరువాలను మనం చదువు అయిపోయిన నాటినుంచి తిరిగి చూడలేదు. ప్రాంగణంలో సెల్ఫీ దిగి వెళ్లిపోతాం.

విదేశాల్లో ఉన్నవారి మాట. రెండో ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మనం కూర్చుంటే డల్లాస్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నర. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు, అప్పుడది ఎనిమిదిన్నర అవుతుంది. ఏటా నవంబరులో అలవాటు కొద్దీ తొమ్మిదిన్నరకు వచ్చి, చర్చ సగం అయిందని మనమీద అలుగుతారు. అక్టోబరు చివర్లోనే ఇద్దరికీ తెలిసేలా వేళ రాసి పంపండి. వాట్సాప్ గుంపులో శుభోదయం గులాబీల కింద అది మునిగిపోకుండా చూడండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. నాకూ కనిపిస్తోందండీ. రెండు నిమిషాలు.

ఈ విశాఖలోనే కవితాసమితి అని ఉండేది. శ్రీశ్రీ మొదటి సంపుటి ‘ప్రభవ’ను 1928లో ఆ సమితే అచ్చువేసింది. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. కుర్రవాడి పద్యాలు నచ్చి పుస్తకం వేయడానికి ముందు వాళ్లు కూర్చుని విని ఉండాలి కదా! మన కలయికల్లో ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలు ఎక్కడ ఉన్నారు? కుర్చీలు సర్దడానికి, అతిథులకు పూలగుత్తులు అందించడానికి పిలుస్తాం. వాళ్ల చేతికి పూలగుత్తి కాదు, పుస్తకం ఇవ్వండి. నెలకు ముందే ఇవ్వండి. వచ్చి మనల్ని కడిగేయనివ్వండి.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం ఎనిమిదింటికి కూర్చుంటున్నాం. పుస్తకం మళ్లీ కట్టమంచివారిదే, ఈసారి ‘కవిత్వతత్త్వ విచారము’. విమర్శ గ్రంథం, కాస్త గట్టిది. అందుకని సగమే చదువుదాం. పదిమంది విద్యార్థులకు ప్రతులు కావాలి, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఆ వెనక చెయ్యి ఎత్తినవారు పేరు ఇక్కడ రాయించండి. ఇడ్లీలు ఎవరు తెస్తారు? కొబ్బరి పచ్చడితో సహా చెప్పండి. పార్వతీపురం మిత్రుడికి బస్సు దిగేచోటికి కారు పంపాలి. ఆ బాధ్యత, అధ్యక్షులవారూ, మీది.