“ఎనీ క్వశ్చన్స్?” అన్నాక వచ్చే మౌనం

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: రిటైరైన గణిత ప్రొఫెసర్, గుంటూరు నుంచి డిగ్రీ కాలేజీ లెక్చరర్, గ్రాఫ్ థియరీలో (చుక్కలు, వాటిని కలిపే గీతల గణితం) పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థిని.)

యాంకర్: నమస్కారం. యూనివర్సిటీ మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్లలో సెమినార్లు జరుగుతూనే ఉంటాయి. వాటివల్ల పిల్లలకి ఒరిగేదెంత మాస్టారూ?

ప్రొఫెసర్: ఉపన్యాసాలు బాగానే ఉంటున్నాయండీ. అయిపోయాక “ఎనీ క్వశ్చన్స్?” అంటారు. హాలంతా మౌనం. వెంటనే చప్పట్లు, టీ. నా బాధంతా ఆ మౌనం గురించే. స్టాటిస్టిక్స్‌లో పేరుమోసిన సి.ఆర్. రావు గారినే తీసుకోండి. మన నూజివీడు, నందిగామ బడుల్లో కూడా చదువుకున్న మనిషి. 1944లో కలకత్తాలో క్లాసు చెబుతున్నారు. శాంపిల్, అంటే లెక్కకి తీసుకున్న నమూనా, చాలా పెద్దదైనప్పుడు అంచనాలో తేడా ఒక హద్దు కంటే తగ్గదని ఇంగ్లండ్ స్టాటిస్టీషియన్ ఫిషర్ చెప్పిన ఫలితం. ఒక విద్యార్థి లేచి, చిన్న శాంపిల్‌కి కూడా ఇలాంటిది చెప్పగలమా అని అడిగాడు. రావు గారు ఆ రాత్రంతా కూర్చుని సాధించి, మర్నాడు క్లాసులో చూపించారు. 1945లో అచ్చయింది. క్రామర్-రావు బౌండ్ అంటున్నది దాన్నే. ఆ కుర్రాడు మనకెందుకులే అనుకుని ఉంటే?

లెక్చరర్: మా పిల్లలకి భాషొకటి అడ్డం సార్. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయికి డౌటు ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులో ఎలా అడగాలా అని టెన్షన్ పడేలోపు టైమ్ అయిపోతుంది. అందుకే తెలుగులో అడగండి, చీటీ మీద రాసిచ్చినా సరే అని ముందే చెప్పేస్తున్నాను. మొదట్లో ఒకటీ అరా వచ్చేవి. మొన్న ప్రశ్నల్లో పడి టీ చల్లారిపోయింది.

విద్యార్థిని: చెప్పేవాళ్ల తప్పూ ఉంది మేడమ్. నా మొదటి టాక్‌కి గంటలో అరవై స్లైడ్లు పెట్టుకున్నాను. డెఫినిషన్లకే పావుగంట. వెనక వరసల్లో ఫోన్లు బయటికొస్తున్నాయి, నాకు కనబడుతూనే ఉంది, అయినా ఆపలేకపోయాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. రెండోసారి స్లైడ్లు మానేసి సుద్దముక్క పట్టుకున్నాను. రాయడానికి పట్టే టైమే వినేవాళ్లకి ఆలోచించుకునే టైమ్ అయింది. ఆ రోజు నాలుగు ప్రశ్నలు వచ్చాయి.

యాంకర్: ఇంతకీ మీరు దేనిమీద పనిచేస్తున్నారో మాకు అర్థమయ్యేలా చెబుతారా?

విద్యార్థిని: డామినేషన్ అంటామండీ. ఏలూరు రోడ్డు మీద వరసగా ఏడు సెంటర్లు, అంటే కూడళ్లు, ఉన్నాయనుకోండి. ఒక సెంటర్లో కానిస్టేబుల్ ఉంటే అదీ, దాన్ని ఆనుకుని అటొకటీ ఇటొకటీ ఆయన చూసుకుంటాడు. ఏ సెంటరూ వదలకుండా ఉండాలంటే కనీసం ఎంతమంది కావాలి? రెండు, ఐదు, ఏడు సెంటర్లలో పెడితే ముగ్గురితో అయిపోతుంది. ఊళ్లో రోడ్లన్నిటికీ ఇదే లెక్క వేయమంటే మాత్రం, ఎలాంటి ఊరికైనా త్వరగా తేల్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

యాంకర్: ఇద్దరు చాలరా?

విద్యార్థిని: చాలరండీ. ఒక్కొక్కరు చూసేది మహా అయితే మూడు. ఇద్దరికి ఆరు. ఏడోది మిగిలిపోతుంది.

ప్రొఫెసర్: చూశారా, ముగ్గురు సరిపోతారని మాత్రమే చెప్పిందమ్మాయి. తక్కువమంది ఎందుకు కుదరదన్నది మీరడిగితే బయటికొచ్చింది. రుజువులో అసలు సగం అదే.

లెక్చరర్: నాకూ ఒక డౌటు. ఒకాయన సెలవు పెడితే? ఎవరు రాకపోయినా మిగతావాళ్లతో నడిచిపోవాలంటే?

విద్యార్థిని: అప్పుడు ప్రతి సెంటరుకీ కనీసం ఇద్దరి కాపలా ఉండాలి మేడమ్. ఉండండి, గీస్తాను. (కాగితం మీద గీస్తూ) మొదటి కొసకి ఇద్దరు కావాలంటే ఒకటిలో, రెండులో పెట్టక తప్పదు. ఆ చివర ఆరులో, ఏడులో. నలుగురు అయ్యారు. నాలుగో సెంటరు వీళ్లెవరి కాపలాలోకీ రాదు. దానికి మూడు, నాలుగు, ఐదుల్లోంచే ఇద్దరు రావాలి. నాలుగులో, ఐదులో పెడితే మూడో సెంటరుకీ రెండు లెక్క సరిపోతోంది... ఆరుగురు మేడమ్.